ఉసిరికాయ తిన్న ఎలుగుబంటి

కొండవాగు పక్క అడవిలో నల్లప్ప అనే ఎలుగుబంటి ఉండేవాడు. తేనె దొరికితే చాలు, వాడికి ఇంకేదీ రుచించేది కాదు. రేగుపళ్లు, ఉసిరికాయలు కళ్లెదుటే రాలుతున్నా, "ఆ పులుపూ వగరూ నాకెందుకు?" అనుకుంటూ వాటిని తొక్కుకుని పోయేవాడు.

కొన్నాళ్లకి వాడి చిగుళ్లు వాచాయి, పొట్ట బిగుసుకుపోయింది. ఒకనాడు రేచుకుక్కలు తరిమితే చెట్టెక్కబోయి సగంలోనే జారిపడ్డాడు. వాగులోకి దూకబట్టి ప్రాణం దక్కింది.

ఒడ్డుకి చేరి, ఉసిరిచెట్టు మీదున్న పిగిలిపిట్టతో, "రత్తమ్మత్తా, నా బలమంతా ఏమైపోయింది?" అని ఏడ్చాడు.

"తేనె మానమనడం లేదురా నాయనా. రోజూ దాంతోపాటు నాలుగు పళ్లూ, కాసిని ఆకులూ దుంపలూ తిను," అంటూ రత్తమ్మ ఒక ఉసిరికాయ రాల్చింది.

నల్లప్ప మొహం చిట్లించుకునే నమిలాడు. నోట్లో వగరు పోగొట్టుకుందామని వాగునీళ్లు తాగితే, ఆ నీళ్లు తియ్యగా తగిలాయి! వాడు ఆశ్చర్యపోయి ఇంకో కాయ నమిలి మళ్లీ తాగాడు.

నెల తిరిగేసరికి చిగుళ్ల నొప్పి పోయింది, పొట్ట తేలికపడింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే నల్లప్పే వచ్చి రత్తమ్మని లేపుతున్నాడు.

"అత్తా, ఇవాళ ఏ కొమ్మ ఊపమంటావు?"