తూర్పు పసిఫిక్ మబ్బులు

భూమి మనం భయపడినంతగా వేడెక్కదని ఒకప్పుడు లెక్కగట్టి పేరు తెచ్చుకున్నారు ప్రొఫెసర్ హనుమత్ప్రసాద్. పంజాగుట్టలోని ఆయన ఇంట్లో, శిష్యురాలు యుస్రా తన కొత్త పరిశోధనా వ్యాసాన్ని ఆయన ముందు పెట్టింది.

“ఏంటమ్మా, నా లెక్క తప్పంటావా?”

“మీరు లెక్కకు తీసుకున్న ఏండ్లల్ల తూర్పు పసిఫిక్ సముద్రం చల్లగ ఉండె సార్. దాని మీద మబ్బులు మస్తు పట్టి, ఎండను వెనక్కి కొట్టినయ్. ఆ నీళ్లు వేడెక్కితే మబ్బులు పలచబడ్తయ్, భూమి ఇంకా కాగుతది. మీరేమో ఆ మబ్బులు ఎప్పటికీ ఉంటయనుకున్నరు.”

ఆయన మొహం ఎర్రబడింది. వ్యాసమంతా చదివి, పెన్ను తీశారు.

“ఇందులో నా పేరు వెయ్యి.”

యుస్రాకు కోపం వచ్చింది. రాత్రింబవళ్లు కష్టపడింది తను.

“ఇది నా పని సార్,” అంది.

“నీదేనమ్మా. రచయితగా వెయ్యమనలేదు.”

ఆయన మొదటి పేజీ తిప్పారు. ‘కొన్ని పాత అంచనాలు వేడిని తక్కువ చేసి చూపాయి’ అని యుస్రా మర్యాదగా రాసిన వాక్యంలో ‘కొన్ని పాత అంచనాలు’ కొట్టేసి, ‘హనుమత్ప్రసాద్ అంచనా’ అని రాశారు.

“నా మాట నమ్మి చాలామంది నిశ్చింతగా కూర్చున్నారు. వాళ్లకి తెలియొద్దూ?”