అడిగింది ఒక్కరే

"బిడ్డా, పెన్‌డ్రైవ్ పెట్టిన. ఏడ వడ్డదో కనవడ్తలేదు."

రమాకాంత్ నిట్టూర్చి లేచాడు. పొద్దుటి నుంచి ఇది ఎన్నోసారో!

"ఎడమ పక్క చూడాలమ్మా. నిన్న గూడ చెప్పిన."

"యాది మర్చిన కొడుకా," అని నవ్వింది మొగిలమ్మ.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. హన్మకొండలోని ఆ ఉచిత కంప్యూటర్ సెంటర్‌కు రోజూ వస్తుంది. ఫ్యాను గాలికే వస్తుందని రమాకాంత్ అనుమానం.

అక్కడి కంప్యూటర్లకు కొత్త సిస్టం పెట్టింది అతనే. కొన్నాళ్లు నడిపి చూసి, మిగతా సెంటర్లన్నిటికీ అదే పంపాలి. తేలనిది ఒక్కటే. పెన్‌డ్రైవ్ పెట్టగానే దాని బొమ్మ తెర మధ్యలో కనిపించాలా, ఎడమ పక్క ఇంగ్లీషు పేర్ల వరుసలో ఎక్కడో నక్కి ఉండాలా?

"తెర నీట్‌గ ఉండాలె. పక్కకే పెట్టు," అన్నాడు అతను పనిచేసే కంపెనీ ఓనర్ ఓంప్రకాశ్. "జనం అడిగితె అప్పుడు మారుద్దాం."

జనం అడగలేదు. తొర్రూరు నుంచీ నెక్కొండ నుంచీ ఉద్యోగాలకు అప్లికేషన్లు పెట్టుకునే పిల్లలు వస్తున్నారు, పోతున్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. అడిగేది మొగిలమ్మ ఒక్కతే.

"జర ముందట కనవడేటట్టు పెట్టరాదు బిడ్డా?" అందొకరోజు.

తిరిగి తిరిగి అతని ఓపిక అప్పటికే అడుగంటింది.

"నీ ఒక్కదాని కోసం సిస్టం మారుస్తరా? తెల్వకుంటె ఇంటికాడ కూసోవాలె!"

గదంతా తిరిగి చూసింది. మొగిలమ్మ సంచీ తీసుకుని మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రమే ఓంప్రకాశ్‌కు ఫోన్ చేశాడు.

"ఫికర్ లేదు సార్. తిప్పలు వడ్డది ఒక్క ముసలామెనే. పక్కకే ఖాయం చేద్దాం."

సిస్టం అన్ని సెంటర్లకూ వెళ్లిపోయింది.

మర్నాడు మొగిలమ్మ రాలేదు. పీడ విరగడైందనుకున్నాడు.

కాసేపటికి ఒక అమ్మాయి ఏడుపు మొహంతో వచ్చి నిలబడింది.

"సార్, ఇయ్యాల్నే లాస్ట్ డేట్. పెన్‌డ్రైవ్ కనవడ్తలేదు."

ఆమె వెనక ఇంకొకరు. వాళ్ల వెనక ఇంకో ఇద్దరు.

"ఇన్ని రోజులు ఒక్కరన్న అడగకపోతిరి!"

"మొగిలమ్మ పెద్దమ్మ ఉండె గద సార్. మేం తెల్వదంటె మీరు కసురుకుంటరని భయం. ఆమెకేమో సదువు రాకపాయె, తెల్వదని అడిగేటందుకు సిగ్గు లేదు. మా పెన్‌డ్రైవ్ పట్టుకోని, నాదే కనవడ్తలేదని మిమ్ములను పిలిచేది."

ఒకసారి ఎర్రది, ఒకసారి నల్లది. ఆమె వెనక ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడి చూస్తూ ఉండటం రమాకాంత్‌కు ఇప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుతో తల వాలిపోయింది.

"మరి ఆమెది?"

"ఆమెకు పెన్‌డ్రైవ్ ఏడిది సార్?"

"మరి రోజూ ఎందుకొచ్చేది?" అడగలేక అడిగాడు.

అమ్మాయి గొంతు తగ్గించింది.

"మీరు ఈ కొత్త సిస్టం పెట్టిన మొదటి రోజు ఆమె బిడ్డ వచ్చిందట సార్, పెన్‌డ్రైవ్ కనవడక, మిమ్ములను అడుగుడు భయమై, లాస్ట్ డేట్ నాడు అప్లికేషన్ పెట్టకుంటనే ఇంటికి పోయిందట."