స్లైడు మీద రెండో ముక్క

"ఆమె ఇప్పుడే వచ్చింది కదా, ముందు ఎందుకు పిలుస్తున్నరు?"

కల్పలత గొంతు పెద్దగా లేవలేదు. మెట్టుగూడలోని ఆ ల్యాబులో పొద్దుటి నుంచి కూర్చుని ఉంది.

కౌంటర్లోని కిషన్ తలెత్తాడు. "ఆమెది వేరే పని మేడం. జెర ఆగండి."

"రెండు గంటల నుంచి ఆగుతనే ఉన్న. నాకు డ్యూటీ టైమైతుంది."

అప్పుడే వచ్చిన ముసలామె గోడ పట్టుకుని నిలబడింది. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు.

"ఆ బిడ్డనే పోనీ కిషన్. నేను తర్వాత పోత."

కల్పలత ఆమె వైపు చూడకుండానే లోపలికి వెళ్ళింది.

రైల్వే స్టేషన్ ఎంక్వైరీ కౌంటర్లో కల్పలత ఉద్యోగం. మూడేళ్ళుగా నోరు ఎండిపోతోంది. మాట మధ్యలో నాలుక అంగిలికి అంటుకుపోతుంది.

ముగ్గురు డాక్టర్లు టెన్షన్ అన్నారు. ఇంట్లో వాళ్ళూ అదే అన్నారు. చివరికి తనూ అదే అనుకుంది.

ఏడుద్దామన్నా కళ్ళలో నీళ్ళు రావడం మానేసి చాలా రోజులైంది.

కింది పెదవికి మత్తిచ్చి, లోపలి వైపు నుంచి పరీక్ష కోసం చిన్న ముక్క తీశారు.

బయటికొచ్చాక ముసలామె పలకరించింది. "మత్తు దిగినంక మంట లేస్తది బిడ్డా. రెండు దినాలు కారం ముట్టకు."

కల్పలత తల కూడా ఊపకుండా చెప్పులేసుకుంది.

మూడు వారాల తర్వాత రిపోర్టు కోసం వెళ్తే, డాక్టర్ సుకన్య ఆమెను మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టింది.

"టెన్షన్ కాదండీ. మీ ఒంట్లోని కణాలే మీ లాలాజల గ్రంథుల మీద దాడి చేస్తున్నాయి. మామూలు పరీక్షలో అనుమానం మిగిలింది. అందుకే ఆ కణాలకు మాత్రమే పట్టే రంగు వేశాం. గోధుమ రంగు చుక్కలు కనిపిస్తున్నాయా?"

"కనిపిస్తున్నయి."

"ఊపిరితిత్తుల దాకా పోకముందే తెలిసింది. మందులతో అదుపులో ఉంటుంది."

సంతోషించాలేమో అనుకుంది కల్పలత. ఏమీ అనిపించలేదు.

"ఈ స్లైడు మీద రెండు ముక్కలున్నయేంది?"

"ఒకటి మీది. రెండోది ఈ జబ్బు ఉందని ఖాయంగా తెలిసిన మనిషిది. దాని మీద రంగు సరిగ్గా పడితేనే మీ ముక్క మీది రంగును నమ్ముతాం."

"ఎవరిది?"

"బాలమ్మగారని, మౌలాలి నుంచి వచ్చేవారు. ఆమె జబ్బేంటో పదకొండేళ్ళు ఎవరూ చెప్పలేకపోయారు. తెలిసేసరికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. మా దగ్గరున్న ఆమె పాత ముక్క అయిపోయిందంటే, ఇంకొకరికి పనికొస్తుందని మళ్ళీ వచ్చి ఇచ్చారు. పోయిన గురువారం చనిపోయారు."

కల్పలత మైక్రోస్కోపు నుంచి కళ్ళు తీయలేదు.

"ఎప్పుడిచ్చిన్రు?"

"మీరొచ్చిన రోజే. కిషన్ ముందే పిలిచాడట గానీ, ఎవరో అమ్మాయికి డ్యూటీ టైమవుతోందని, ఆమెను పంపించి తను ఆగారట."