ఐదున్నర గంటలు వెనక్కి

"అమ్మా, నాను పుట్టింది పన్నెండో తారీకు తెల్లారగట్ల మూడూ నలభైకే కదా?" దొరబాబు ఫోనులో రెండోసారి అడిగాడు.

"కన్నదాన్ని నానురా. నీకేటి అనుమానం?" అంది ఆనందపురం నుంచి రామలక్ష్మమ్మ. "పెళ్లి పది రోజుల్లో ఎట్టుకుని ఇప్పుడేటీ ఎంక్వైరీ?"

దొరబాబు ఫోను పెట్టేసి కంప్యూటరు వైపు చూశాడు. ఎక్సెల్ షీటులో తన పేరుకెదురుగా పదకొండో తారీకు, రాత్రి పదీ పది అని ఉంది. పై పేరూ అంతే, కింది పేరూ అంతే. మొత్తం నూట నలభై మంది ఐదున్నర గంటలు ముందే పుట్టేశారు.

ద్వారకా నగర్‌లో అతనిప్పుడు కూర్చున్న పెళ్లిసంబంధాల ఆఫీసుకు ప్రోగ్రాం రాసిచ్చింది దొరబాబే. 'కంప్యూటర్ జాతకాలు - తప్పులుండవు' అని బయట బోర్డు పెట్టించిందీ అతనే. ఓనరు గురునాథరావు చిన్న బోర్డు చాలంటే, బస్సుల కాంప్లెక్సు నుంచి కూడా కనపడాలని పట్టుబట్టి మరీ పెద్దది రాయించాడు.

తప్పెక్కడుందో కనుక్కోవడానికి పావుగంట చాలింది. ప్రోగ్రాం పుట్టిన టైముని మన టైములోనే దాస్తోంది. షీటులోకి పంపేటప్పుడు మాత్రం మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే గ్రీనిచ్ టైముకు మార్చేస్తోంది. ఎనిమిది నెలలుగా ఇదే వరస. ప్రతి శనివారం గుమాస్తా సూర్యకళ ఆ షీటు ప్రింటు తీసి శ్రీరామ్మూర్తి పంతులుగారికి ఇస్తుంది. ఆయన దాన్ని చూసే పొంతనలు చెబుతారు. ప్రోగ్రాం రాసిన మహానుభావుడు మాత్రం ఒక్కసారైనా ఆ షీటు తెరిచి చూడలేదు. ఇవాళ సూర్యకళ జిరాక్సుకి వెళ్లబట్టి, తనే బటన్ నొక్కాడు కాబట్టి తెలిసింది.

అసలు ముల్లు వేరే చోట గుచ్చుకుంది. ప్రోగ్రాం పనిచేస్తోందో లేదో చూడ్డానికి మొదట్లో దొరబాబు తన పేరే ఎక్కించాడు. తీసెయ్యడం మరిచిపోయాడు. రెండు నెలల కిందట పంతులుగారు ఆ పేరు పక్కన సూర్యకళ పేరు రాసి, ముప్పై ఆరుకి ఇరవై ఎనిమిది గుణాలు కలిశాయన్నారు. సూర్యకళ పద్మనాభం నుంచి రోజూ బస్సులో వస్తుంది. మాట్లాడితే నేల చూస్తుంది. పంతులుగారి దగ్గర కూర్చుని కూర్చుని, ఏ నక్షత్రానికి ఏది నప్పుతుందో ఆ పిల్లకీ పట్టుబడిందని ఆఫీసులో అనుకుంటారు. ఆమె చేతి కాఫీ కోసమే లేని తప్పులు దిద్దే మిషతో దొరబాబు వారానికి మూడుసార్లు ఆ ఆఫీసుకు వచ్చేవాడు. ఉన్న తప్పు మాత్రం కనపడలేదు.

అతని తండ్రి సూరన్న ముహూర్తం చూడందే బోరు మోటారు స్విచ్ కూడా వెయ్యడు. ఇరవై ఎనిమిది అనగానే పెళ్లి ఖాయం చేసేశాడు.

దొరబాబు పంతులుగారికి ఫోను చేశాడు. "ఒక స్నేహితుడి గురించండి," అని నెలా సంవత్సరం చెప్పాడు. "పన్నెండో తారీకు, తెల్లవారుజాము మూడూ నలభై. అమ్మాయిది మా సూర్యకళ నక్షత్రమే అనుకోండి, మాటవరసకి."

పంచాంగం పేజీలు తిరిగిన చప్పుడైంది. "ఏకనాడి నాయనా. పనికిరాదు. వేరే పిల్లని చూసుకోమను."

"ఏ దారీ లేదాండి?"

"లేదు. అయినా మీ షీటు ఉండగా నోటిలెక్కలెందుకయ్యా? ఇన్నాళ్లలో అందులో ఒక్క పొరపాటు దొర్లలేదు."

ఆ మెప్పు చెంపదెబ్బలా తగిలింది దొరబాబుకి. తప్పు దిద్దడానికి ఒకే ఒక్క లైను మార్చాలి. మార్చకపోతే నూట నలభై మంది బతుకులు. మారిస్తే తన పెళ్లి. సొంత పెళ్లిని సొంత కీబోర్డుతో చెడగొట్టుకున్న ప్రోగ్రామరు ఈ విశాఖపట్నంలో తనొక్కడే అయి ఉంటాడు. దీనికీ ఓ బోర్డు రాయించొచ్చు.

కళ్లు మూసుకుని లైను మార్చేశాడు.

సాయంత్రం కాంప్లెక్సులో సూర్యకళ పద్మనాభం బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. దొరబాబు పరిగెత్తుకుంటూ వచ్చి కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"సూర్యకళా, ఓ మాట సెప్పాల. నా ప్రోగ్రాం తప్పు. అందరి పుట్టిన టైమూ ఐదున్నర గంటలు ఎనక్కి పోతంది."

ఆమె ఒళ్లో బ్యాగు తాడు వేలికి చుట్టుకుంది.

"మన పొంతన కూడా తప్పే. సరైన టైముకి ఏకనాడంట. రేపు మా నాన్నకి సెప్పేత్తాను. పెళ్లి ఆపేత్తాడు. నువ్వూ మీ ఇంట్లో సెప్పు."

ఆమె తాడుని ఇంకో చుట్టు తిప్పింది.

"మనదొక్కటే కాదు. నా షీటు సూసి పద్దెనిమిది పెళ్లిళ్లయ్యాయి. ఆళ్లందరి ఉసురూ నాకు తగుల్తాది."

"తగల్దండి."

"ఏటి?"

"షీటు తప్పని నాకు మొదటి శనివారమే తెలిసిందండి. అందులో నా పేరూ ఉంది కదండి, నా టైమే తప్పుగా పడింది." బస్సు చప్పుడులో ఆ గొంతు వినడానికి దొరబాబు మునివేళ్ల మీద నిలబడ్డాడు. "మీరు బోర్డు సూసుకుని తెగ మురిసిపోతన్నారు. సెప్పడానికి మనసొప్పలేదు. అప్పట్నుంచీ ప్రింటు తీసే ముందు ఐదున్నర గంటలు కలిపి నానే దిద్దతన్నాను."

"ఎనిమిది నెల్లా? నువ్వా? సేత్తోనా?"

"ఊఁ."

దొరబాబుకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పద్దెనిమిది పెళ్లిళ్లూ క్షేమం. కంప్యూటరు కీర్తి అంతా ఈ పిల్ల చేతి చలవ. అంతలోనే అనుమానం వచ్చింది.

"అన్నీ దిద్దితే మరి మన పొంతనకి ఇరవై ఎనిమిది ఎలాగొచ్చింది?"

కండక్టరు విజిలేశాడు. బస్సు కదిలింది. దొరబాబు ఊచ వదలకుండా పక్కనే నాలుగడుగులు పరిగెత్తాడు. సూర్యకళ మొదటిసారి తలెత్తి, అతని కళ్లలోకి చూసింది.

"మీదొక్కటే దిద్దలేదండి."