రెండు నిమిషాలు కాగానే

"రెండు నిమిషాలు కాగానే బల్ల మీద తట్టు మమ్మీ," అంది దేవకృప, కాలేజీ డిబేట్ కాగితం విప్పుతూ.

కాంతమణి గడియారం ముందు పెట్టుకుంది గానీ మొహం గంటు పెట్టుకునే ఉంది. "మత్తుమందుల్ని చట్టబద్ధం చెయ్యాలని మాట్లాడుతవా? మీ ఆర్థర్ మామను మింగింది అదే కదనే!"

"చీటీ తీస్తే నాకు ఆ పక్షమే వచ్చింది. నేనేం చెయ్యాలె? జెర విను."

దేవకృప గొంతు సవరించుకుంది. "అధ్యక్షా! మత్తుమందు మనిషిని చంపుతుంది, నిజమే. కానీ అది నేరమైన చోట భయం కూడా చంపుతుంది. పోలీసులొస్తారని, పరువు పోతుందని, ప్రాణం మీదికి వచ్చినా ఇంట్లోవాళ్ళే డాక్టర్ని పిలవరు. గదిలో పెట్టి గడియ వేస్తారు..."

కాంతమణి చూపు వెనకగది తలుపు మీదికి పోయింది. మారేడ్‌పల్లిలోని ఆ ఇంట్లో పదకొండేళ్ళుగా ఆ గదిలో ఎవరూ పడుకోలేదు.

కాగితం చదవడం అయిపోయింది. నాలుగు నిమిషాలు దాటాయి.

"తట్టలేదేంది మమ్మీ?"

"తట్టిండు."

"ఎవరు?"

"మీ మామ. నిద్రల పోయిండని అందరికీ చెప్పిన. కానీ ఆ పొద్దు ఈ హాల్లోనే ప్రార్థన కూడిక. సంఘం పెద్దలంతా కూసున్నరు. వాడేమో లోపల్నుంచి తలుపు తడుతనే ఉన్నడు."

"మరి నువ్వు?"

"వాళ్ళకు వినబడుతదని నేనే పాట ఎత్తుకున్న బిడ్డా. వాడు తట్టుడు ఆపేదాక అందరితోని పాడించిన."