పదిహేడో పెట్టె

"చెప్పనంటే చెప్పను. ఎన్నిసార్లొచ్చినా ఇదే మాట," అంది చీఫ్ లైబ్రేరియన్.

ఎదురుగా కూర్చున్నావిడ కదల్లేదు. ఈ వారంలో ఇది నాలుగోసారి. మెడికల్ కాలేజీ లైబ్రరీకి జనం పుస్తకాల కోసం వస్తారు. ఈవిడ తండ్రి కోసం వస్తోంది. ఆరేళ్ళ కిందట పోయిన ఆ తండ్రి తన దేహాన్ని కాలేజీకి రాసిచ్చాడు. డిసెక్షన్ పాఠాలయ్యాక ఆ దేహం ఏమైందో ఒక్క రిజిస్టరుకే తెలుసు. అది వెనకగదిలో, పాత రికార్డుల బీరువాలో ఉంటుంది. బీరువా తాళంచెవి చీఫ్ లైబ్రేరియన్ నడుముకి వేలాడుతుంటుంది. పిల్లలు ఆవిడకి 'తాళాల మేడమ్' అని పేరు పెట్టింది ఊరికే కాదు.

"మా పిల్ల కూడా ఇక్కడే మొదటి సంవత్సరం మేడమ్. దాని మొహం చూసైనా..."

"ఎవరి పిల్లయితే నాకేంటమ్మా? ఈ వివరాలు బయటపెడితే రేపు దేహమివ్వడానికి ఇంకొకరు ముందుకొస్తారా? నా ఉద్యోగం ఊడుతుంది, అది వేరే సంగతి."

"తెచ్చి నా చేతికిమ్మనట్లేదు కదా! ఎక్కడున్నాడో చెప్తే ఒక్క దణ్ణం పెట్టుకుని పోతాను."

"ఉన్నప్పుడు పెట్టాల్సింది," అనేసి నాలిక్కరుచుకుంది లైబ్రేరియన్.

ఆవిడ మొహం పాలిపోయింది. "నిజమే. ఉన్నప్పుడు తలుపు గడియ పెట్టాను. 'మళ్ళీ నా గడప తొక్కావంటే నీ కూతురు చచ్చినట్టే' అన్నాను. కోపంలో నోరు జారాను మేడమ్. ఆయనకి మాటంటే మాటే. తొక్కలేదు. పోయాక నాకు కబురు కూడా పెట్టొద్దన్నాడట."

అంతే, ఇక ఆపుకోలేక భోరుమంది. రీడింగ్ హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి.

లైబ్రేరియన్ విసురుగా లేచి వెనకగదిలోకి వెళ్ళింది. ఎవరికీ చూపరాదు అని ఆ బీరువా మీద కాగితం అంటించింది తనే. తనే తాళం తీసింది. రిజిస్టర్లో ఆ తండ్రి పేరుకి ఎదురుగా ఒక అంకె ఉంది. పదిహేడు.

ఎముకలు శుభ్రం చేసి, పెట్టెల్లో సర్ది, చదువుకోవడానికి పుస్తకాల్లాగే పిల్లలకి ఇంటికివ్వడం ఆ లైబ్రరీ పద్ధతి. పెట్టె మీద అంకె తప్ప పేరుండదు. లైబ్రేరియన్ కౌంటరు దగ్గరికెళ్ళి పదిహేడో పెట్టె కార్డు వెతికి తీసింది. తీసుకున్న పిల్ల సంతకం, తేదీ చూసింది. కింద అడ్రసు చూసింది. విజిటర్ల పుస్తకంలో ఈ వారం నాలుగుసార్లు చదివిన అడ్రసే!

వచ్చి కూర్చుంది.

"మీ అమ్మాయి ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళిన ఎముకల పెట్టె... ఇంట్లో ఎక్కడ పెడుతుందమ్మా?"

"ఆ పాడు పెట్టా? మంచం కింద. ఊడ్చినప్పుడల్లా కాలితో అవతలకి తంతుంటాను. ఇప్పుడదెందుకు మేడమ్? మా నాన్న సంగతి చెప్పండి."

"ఆయన మీ గడప తొక్కి మూడు నెలలైందమ్మా."