తొమ్మిదో రోజున తొలగింపు

ఆ కాలంలో ఎవరినైనా ఉద్యోగంలోంచి తీసేస్తే, తర్వాత వెళ్ళిన ప్రతిచోటా గుమ్మమే ఆ సంగతి పైకి చదివేది.

"గౌరీశ్వరి. మందుల విభాగం. తొమ్మిదో రోజున తొలగింపు. కారణం, అవిధేయత," అని ఈ ఆసుపత్రి గుమ్మమూ అందరూ వినేలా చదివింది.

ఇంతకు ముందు ఆరుచోట్ల ఆమె సిగ్గుతో అక్కణ్ణుంచే వెనుదిరిగింది. ఈసారి లోపలికి నడిచింది.

"ఏం జరిగిందమ్మా?" అని అడిగింది పెద్ద డాక్టరు సుభాషిణి.

"మందులు లెక్కకట్టే యంత్రం పసిపాపకి పెద్దవాళ్ళ మోతాదు చెప్పిందండి. ఇచ్చి తీరాలంది. నేనివ్వలేదు. పాపకేం కాలేదు గానీ నన్ను తీసేశారు."

"మళ్ళీ అలాగే జరిగితే?"

"మళ్ళీ ఇవ్వనండి."

సుభాషిణి కుర్చీలోంచి లేచింది. "యంత్రం చెప్పింది చేసేవాళ్ళు మా దగ్గర ఎనభైమంది ఉన్నారు. కాదనే మనిషి కోసమే వెతుకుతున్నాను. రేపట్నుంచి పిల్లల మందులన్నీ నువ్వు చూశాకే వార్డుకి వెళ్తాయి."

గౌరీశ్వరి వరండాలోకొచ్చి ఫోన్‌లో అరిచినంత పనిచేసింది.

"అమ్మా, ఉన్నదున్నట్టు చెప్పేశానే! ఉద్యోగమిచ్చారు!"